మంచం దిగి మళ్ళీ నడవడం: ఇంట్లోవాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

తుంటి ఎముక విరిగో, పెద్ద ఆపరేషన్ జరిగో, న్యుమోనియా లాంటి జబ్బుతో ఐసీయూలో ఉండి వచ్చో వారాల తరబడి మంచానికే పరిమితమైన పెద్దవాళ్ళను మళ్ళీ లేపి నడిపించుకునేటప్పుడు వచ్చే ప్రశ్నలివి. పక్షవాతం, వెన్నుపాము దెబ్బ ఉన్నవాళ్ళ దారి వేరు. తిండి, పడక పుండ్ల గురించి ఇక్కడ చెప్పినవి వాళ్ళకూ పనికొస్తాయి గానీ, వ్యాయామాలు మాత్రం వాళ్ళ డాక్టరు, ఫిజియో చెప్పినట్టే చేయాలి.

నెల రోజులు పడుకున్నందుకే ఇంత బలహీనత వస్తుందా? ఇంకేదో జబ్బు ఉందేమోనని టెన్షన్‌గా ఉంది.

వస్తుంది. 1966లో అమెరికాలోని డాలస్‌లో ఐదుగురు ఆరోగ్యవంతులైన ఇరవై ఏళ్ళ కుర్రాళ్ళను మూడు వారాలు మంచం మీదే ఉంచి పరీక్షించారు. గట్టిగా శ్రమపడేటప్పుడు ఒళ్ళు వాడుకోగలిగే ఆక్సిజన్ నాలుగో వంతుకు పైగా పడిపోయింది. ముప్పై ఏళ్ళ తర్వాత ఆ ఐదుగురినే మళ్ళీ పిలిచి చూస్తే, ఇన్నేళ్ళ వయసు చేసిన నష్టం కన్నా అప్పటి మూడు వారాల పడక చేసిన నష్టమే ఎక్కువని తేలింది. 2007లో వచ్చిన మరో అధ్యయనంలో, సగటున 67 ఏళ్ళ వయసుండి పెద్ద జబ్బులేవీ లేనివాళ్ళు పది రోజులు పడుకునేసరికి కాళ్ళలో సుమారు కిలో కండ తరిగిపోయింది. ఇవన్నీ ఒంట్లో బాగున్నవాళ్ళ లెక్కలు. మీ ఇంట్లో మనిషికి దీనికి తోడు జ్వరం, ఆపరేషన్, సరిగ్గా తినకపోవడం కూడా ఉన్నాయి.

ముందుగా తగ్గేవి మనిషిని నిలబెట్టే కండలే: తొడ ముందు భాగం, పిరుదులు, పిక్కలు, నడుము. చేతులు అంతగా తగ్గవు. అందుకే దిండుకు ఆనుకుని చక్కగా మాట్లాడుతూ కాఫీ తాగిన మనిషి లేచి నిలబడలేకపోతే ఇంట్లోవాళ్ళకు నమ్మబుద్ధి కాదు, కావాలనే లేవట్లేదని విసుక్కుంటారు కూడా.

అలాగని ప్రతిదీ పడక మీదికే నెట్టేయకూడదు. ఒక పక్క చేయి, కాలు మాత్రమే బలహీనపడినా, మాట ముద్దగా వస్తున్నా వెంటనే 108కి ఫోన్ చేయాలి. లేస్తూ తింటూ ఉన్నా రోజురోజుకూ నీరసం పెరుగుతుంటే డాక్టరుకు చూపించాలి. రక్తం తక్కువ కావడం, సోడియం తగ్గడం, థైరాయిడ్ లాంటివి పెద్దవాళ్ళలో ఇలాగే బయటపడతాయి.

బలానికి సెలైన్ పెట్టిస్తే తొందరగా కోలుకుంటారా?

కోలుకోరు. మన దగ్గర నీరసం అనగానే సెలైన్ బాటిల్, లేకపోతే బలం ఇంజక్షన్. డెక్స్‌ట్రోజ్ కలిసిన అర లీటరు సెలైన్‌లో ఉండేది 25 గ్రాముల చక్కెర, అంటే సుమారు ఐదు చెంచాలు. మామూలు సెలైన్‌లో అదీ ఉండదు, ఉప్పునీళ్ళే. వాంతులు, విరేచనాలతో ఒళ్ళు ఎండిపోయినప్పుడు అది ప్రాణం కాపాడే మందే. కండకు మాత్రం దానివల్ల ఒరిగేది లేదు. గుండె, కిడ్నీ బలహీనంగా ఉన్నవాళ్ళకు అనవసరంగా ఎక్కిస్తే ఊపిరితిత్తుల్లో నీరు చేరే ప్రమాదం కూడా ఉంది. బీ కాంప్లెక్స్ సూది ఆ విటమిన్ తక్కువగా ఉన్నవాళ్ళకే ఉపయోగం. ఆ డబ్బుతో రోజూ గుడ్లు కొనండి, ఒక ఫిజియోను పిలిపించండి.

ఎముక అతికేదాకా కదలకూడదు కదా? ఎప్పుడు లేపాలి?

ఈ నమ్మకం పాత రోజుల నుంచి వచ్చింది. ఆపరేషన్ లేకుండా కాలికి బరువు కట్టి నెలల తరబడి పడుకోబెట్టిన కాలంలో వేరే దారి ఉండేది కాదు. ఇప్పుడు తుంటికి రాడ్డు, ప్లేటు వేయడమో కీలు మార్చడమో చేసేదే మనిషిని త్వరగా లేపడానికి. డాక్టరు వద్దంటే తప్ప, ఆపరేషన్ మర్నాడే కూర్చోబెట్టి నిలబెట్టే ప్రయత్నం చేయడం ఈరోజు మామూలు పద్ధతి.

డిశ్చార్జి అయ్యేటప్పుడు సర్జన్‌ను సూటిగా ఒకటి అడగండి: ఆపరేషన్ అయిన కాలి మీద ఎంత బరువు వేయొచ్చు? పూర్తిగానా, కొంతేనా, కాలివేళ్ళు నేలకు తగిలించడమేనా, అసలు మోపకూడదా? ఆ జవాబును డిశ్చార్జి కాగితం మీదే రాయించుకోండి. ఇంటికొచ్చాక ఫిజియో ఒకటి, పక్కింటివాళ్ళు ఒకటి, యూట్యూబ్ ఒకటి చెబుతాయి. అప్పుడు ఈ కాగితమే మీకు ఆధారం.

తుంటి కీలు మార్చినవాళ్ళకు ఇంకో సంగతి. ఏ పద్ధతిలో చేశారన్నదాన్ని బట్టి, కొన్ని వారాల పాటు తుంటి దగ్గర బాగా వంగడం, కాలు మీద కాలు వేసుకోవడం, కింద కూర్చోవడం, ఇండియన్ టాయిలెట్ వాడడం వద్దంటారు. ఎన్ని వారాలో కూడా అడిగి రాయించుకోండి.

ఇంకా లేవలేకపోతున్నారు. మంచం మీదే ఏం చేయించొచ్చు?

పాదాన్ని పైకి, కిందికి ఆడించడంతో మొదలుపెట్టండి. పిక్క కండ కాళ్ళలోని రక్తాన్ని పైకి తోసే మోటారు లాంటిది. కాలు కదలకపోతే రక్తం నిలిచి గడ్డ కట్టే ప్రమాదం పెరుగుతుంది. గంటకోసారి పది, పదిహేను సార్లు ఆడించమనండి. తర్వాత మోకాలి కింద చుట్టిన తువ్వాలు పెట్టి, మోకాలితో దాన్ని కిందికి అదిమి ఐదు లెక్కపెట్టి వదలాలి. ఇది తొడ కండకు. మడమను పరుపు మీదే జరుపుతూ మోకాలు మడిచి చాపడం, డాక్టరు ఒప్పుకుంటే రెండు మోకాళ్ళు మడిచి నడుము పైకెత్తడం కూడా చేయించొచ్చు. బెడ్‌పాన్ పెట్టేటప్పుడు ఎలాగూ నడుము ఎత్తాలి కాబట్టి ఆ పని మీరు చేయకుండా వాళ్ళ చేతే ఎత్తించండి, వ్యాయామం అయిపోతుంది.

హాయిగా ఉందని మోకాళ్ళ కింద దిండు పెట్టి గంటల తరబడి వదిలేయకండి. మోకాలు అలాగే వంగిపోయి పట్టుకుపోతే, తర్వాత చాపడానికి నెలలు పడుతుంది. పాదాలు కూడా ముందుకు వాలిపోకుండా చూసుకోవాలి.

రెండు గంటలకోసారి పక్క మార్చడం రాత్రి కూడా అవసరమే. గాలి పరుపు ఉన్నా ఇది తప్పదు. నడుము కింద, మడమల దగ్గర, తుంటి పక్కల చర్మం ఎర్రబడి, వేలితో నొక్కి తీసినా ఆ ఎరుపు తగ్గకపోతే పుండు మొదలవుతున్నట్టు. ఛాయ తక్కువ ఉన్నవాళ్ళలో ఎరుపు కనబడకపోవచ్చు, ఆ చోటు వేడిగా, గట్టిగా ఉందేమో తడిమి చూడాలి. దాని మీద పౌడరు చల్లడం, గట్టిగా రుద్దడం చేయకండి. ముందు ఆ చోట బరువు పడకుండా చూడండి.

లేపి కూర్చోబెట్టగానే కళ్ళు తిరుగుతున్నాయంటున్నారు.

ఎక్కువ రోజులు పడుకుంటే ఒంట్లో ప్రవహించే రక్తంలోని నీరు తగ్గుతుంది. నిలబడగానే కాళ్ళలోకి దిగే రక్తాన్ని పైకి లాగే అలవాటు కూడా నరాలకు తప్పుతుంది. నిలబడిన మూడు నిమిషాల్లో పై బీపీ 20 గానీ, కింది బీపీ 10 గానీ పడిపోతే దాన్ని జబ్బుగానే లెక్కేస్తారు. ఇంట్లో బీపీ మిషన్ ఉంటే పడుకున్నప్పుడు ఒకసారి, నిలబెట్టాక ఒకసారి చూసి రాసి, డాక్టరుకు చూపించండి.

మెల్లగా అలవాటు చేయడమే దీనికి మందు. తలవైపు ఎత్తు పెంచి కాసేపు, కాళ్ళు కిందికి వేలాడేసి కాసేపు, ఆ తర్వాతే నిలబడడం. ప్రతి దశలో పాదాలు ఆడించాలి. నీళ్ళు తగ్గించమని డాక్టరు చెప్పి ఉండకపోతే మజ్జిగ, నీళ్ళు బాగా ఇవ్వండి. రాత్రి బాత్రూమ్‌కు లేవాల్సి వస్తుందని చాలామంది అమ్మలు నీళ్ళు తాగడం మానేస్తారు, గమనించండి. బీపీ మాత్రలు, ప్రోస్టేట్ మాత్రలు, నిద్రమాత్రలు కూడా కళ్ళు తిరగడానికి కారణం కావచ్చు. బరువు తగ్గిన మనిషికి పాత డోసు ఎక్కువైపోతుంది. మీరుగా ఆపేయకండి, డాక్టరును అడిగి మార్పించండి.

లేపేటప్పుడు నా నడుము పట్టేసింది. సరైన పద్ధతి ఏది?

చేతులు పట్టుకుని లాగకండి, చంకల్లో చేతులు వేసి ఎత్తకండి. వాళ్ళ భుజమూ పోతుంది, మీ నడుమూ పోతుంది. ముందు వాళ్ళను పక్కకు తిరగమనండి. కాళ్ళు మంచం కిందికి దించుతూ మోచేతితో పరుపును నెట్టి లేవాలి. కూర్చున్నాక నడుముకు వెడల్పాటి బెల్టు కట్టి, నిలబడేటప్పుడు మీరు ఆ బెల్టు పట్టుకోండి. పొట్టకు ఆపరేషన్ అయినవాళ్ళకు బెల్టు కట్టే ముందు డాక్టరును అడగాలి.

మంచం కూడా చూసుకోండి. కుంగిపోయిన నవారు మంచం మీద నుంచి మామూలు మనిషే కష్టపడి లేస్తాడు. కూర్చుంటే రెండు పాదాలూ నేలకు పూర్తిగా ఆనేంత ఎత్తు, గట్టి పరుపు కావాలి. మంచం మరీ కిందికుంటే కాళ్ళ కింద చెక్క దిమ్మలు పెట్టించండి, కదలకుండా ఉండాలి.

కాస్త నిలబడుతున్నారు. ఇక రోజూ ఏం చేయించాలి?

ఒక్క పనే చేయించగలిగితే, కుర్చీలోంచి లేచి కూర్చోవడం చేయించండి. నడక కన్నా ముందు ఇదే. బాత్రూమ్‌కు వెళ్ళాలన్నా, కారెక్కాలన్నా, గుళ్ళో బల్ల మీద కూర్చుని లేవాలన్నా కావాల్సింది ఈ బలమే.

చేతులున్న గట్టి కుర్చీని గోడకు ఆనించి పెట్టండి. తేలికపాటి ప్లాస్టిక్ కుర్చీ నున్నటి టైల్స్ మీద వెనక్కి జారుతుంది, వద్దు. సీటు మోకాలి మడత కన్నా కొంచెం ఎత్తుగా ఉండాలి, లేకపోతే మందపాటి దుప్పటి మడిచి వేయండి. పాదాలు కాస్త వెనక్కి లాగి, ముక్కు కాలివేళ్ళ మీదికి వచ్చేదాకా ముందుకు వంగి, కుర్చీ చేతుల్ని నెడుతూ లేవాలి. తుంటి కీలు మార్చినవాళ్ళు ఇంతగా వంగకూడదు, వాళ్ళకు కుర్చీ ఎత్తు ఇంకా పెంచాలి. కూర్చోవడం కూడా ముఖ్యమే. దబ్బున పడిపోకుండా మూడు లెక్కపెడుతూ మెల్లగా దిగితే అప్పుడే తొడ కండకు అసలైన పని పడుతుంది.

మొదట పూటకు మూడు సార్లు చాలు. తేలికగా అనిపించినప్పుడు ఐదు, ఎనిమిది, పది. పది సార్లు కూడా తేలికైతే సీటు ఎత్తు తగ్గించండి, తర్వాత చేతుల సాయం తగ్గించండి. కష్టం పెంచకుండా అదే లెక్క నెలల తరబడి చేస్తుంటే బలం అక్కడే ఆగిపోతుంది. చాలా ఇళ్ళలో నేను చూసే పొరపాటు ఇదే, రోజూ చేస్తారు గానీ అదే పది.

వ్యాయామం అంటే మొహం చిట్లించేవాళ్ళకు ఆ పేరు చెప్పక్కర్లేదు. సీరియల్ మధ్యలో ప్రకటనలు వచ్చినప్పుడల్లా లేచి నిలబడమనండి. మూడు పూటలా భోజనం మంచం మీద కాకుండా కుర్చీలో పెట్టండి. నిటారుగా కూర్చుని తింటే అన్నం ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదమూ తగ్గుతుంది.

చేతులు ఛాతీ మీద కట్టుకుని ఐదు సార్లు లేచి కూర్చోవడానికి 15 సెకన్ల కన్నా ఎక్కువ పడుతోందంటే కాళ్ళ బలం ఇంకా తక్కువే అని అర్థం. నెలకోసారి, పక్కన ఒకరు నిలబడి, ఈ పరీక్ష పెట్టి రాసుకోండి.

ఎనభై దాటినవాళ్ళకు కండ మళ్ళీ వస్తుందా?

వస్తుంది. బోస్టన్‌లో ఒక వృద్ధుల కేంద్రంలో 86 నుంచి 96 ఏళ్ళ మధ్య వయసున్న పదిమందికి ఎనిమిది వారాలు తొడలకు బరువులతో వ్యాయామం చేయించి 1990లో ఫలితాలు ప్రచురించారు. తొడల బలం రెండింతలు దాటింది. శిక్షకుల పర్యవేక్షణలో చేసిన పని అది, మీరు ఇంట్లో బరువులు కట్టేయకండి. వయసైపోయింది ఇంకేం వస్తుందిలే అనేవాళ్ళకు జవాబుగా చెబుతున్నాను, అంతే.

వాకరా, చేతికర్రా? మెట్లెక్కడం ఎలా?

మొదట వాకరే మంచిది. నామోషీ అనుకుని నేరుగా కర్ర పట్టుకుంటారు, కొందరు అదీ లేకుండా గోడలు పట్టుకుని నడుస్తారు. పడితే మళ్ళీ మొదటికొస్తుంది. వాకర్ గానీ కర్ర గానీ, చేయి కిందికి వదిలి నిలబడితే పిడి మణికట్టు దగ్గరికి రావాలి. పెద్దాయన వాడిన కర్ర పెద్దావిడకు పొడవైపోతుంది, కోయించండి. కింద రబ్బరు బుడిపె అరిగిపోతే మార్చండి.

కర్రను నొప్పి లేని కాలివైపు చేత్తో పట్టుకోవాలి. చాలామంది తిరగేసి పట్టుకుంటారు. మెట్లు ఎక్కేటప్పుడు ముందు మంచి కాలు, దిగేటప్పుడు ముందు నొప్పి కాలు. దిగేటప్పుడు సాయం చేసేవాళ్ళు ఒక మెట్టు కింద ఉండాలి.

నొప్పి వస్తే ఆపేయాలా?

కండ లాగినట్టు, బరువుగా అనిపించడం మామూలే, ఒకటి రెండు రోజుల్లో పోతుంది. కీలులో నొప్పి పెరిగి మర్నాటి ఉదయానికి కూడా తగ్గలేదంటే నిన్న చేసింది ఎక్కువైందన్నమాట. సగానికి తగ్గించండి, పూర్తిగా మానేయకండి. నడిచేటప్పుడు వాక్యం పూర్తిగా మాట్లాడగలుగుతుంటే వేగం సరిపోయినట్టే.

ఏ గుర్తులు కనబడితే వెంటనే ఆస్పత్రికి వెళ్ళాలి?

ఒకే కాలు వాచి, పిక్కలో నొప్పి, వేడి ఉంటే రక్తం గడ్డ కట్టిందేమోనని అదే రోజు చూపించాలి. ఆ కాలికి మర్దన అస్సలు చేయకూడదు. ఉన్నట్టుండి ఆయాసం, ఛాతీలో నొప్పి, స్పృహ తప్పడం, దగ్గులో రక్తం, మూతి వంకరపోవడం కనబడితే ఆలోచించకుండా 108కి ఫోన్ చేయండి. ఆపరేషన్ చేసిన కాలు హఠాత్తుగా పొట్టిగా, పక్కకు తిరిగిపోయినట్టు కనబడితే నిలబెట్టకుండా తీసుకెళ్ళాలి. మామూలుగా ఉన్న మనిషి ఒక్కరోజులో అయోమయంగా, సంబంధం లేకుండా మాట్లాడుతుంటే వయసు మతిమరుపు అనుకోవద్దు, ఇన్ఫెక్షన్ అయ్యుండొచ్చు.

పథ్యం ఏం పెట్టాలి?

పథ్యం పేరుతో మన ఇళ్ళలో జరిగేదే అసలు నష్టం. నెల రోజులు చారన్నం, ఇడ్లీ, బ్రెడ్డు, బార్లీ నీళ్ళు. పప్పు పెడితే చీము పడుతుందంటారు, గుడ్డు వేడంటారు, పెరుగు నెమ్మంటారు. కుట్లు మానడానికి, కండ పెరగడానికి కావాల్సిన మాంసకృత్తులు ఉండేది సరిగ్గా వాటిలోనే. పప్పు తింటే చీము పట్టదు. చీము పట్టేది క్రిముల వల్ల.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళకు రోజుకు కిలో బరువుకు 0.83 గ్రాముల ప్రోటీన్ సిఫారసు చేస్తుంది. జబ్బుపడి లేచిన వృద్ధులకు 1.2 నుంచి 1.5 గ్రాముల దాకా కావాలని పోషకాహార నిపుణులు చెబుతారు. అంటే 50 కిలోల అమ్మకు కనీసం 60 గ్రాములు. ఒక గుడ్డులో ఆరు గ్రాములు ఉంటాయి. గ్లాసు పాలలో ఏడెనిమిది, గుప్పెడు వేరుశనగ గింజల్లో ఏడు, వండిన 100 గ్రాముల చికెన్‌లో సుమారు 25. కందిపప్పు గానీ పెసరపప్పు గానీ వండకముందు 30 గ్రాములు తూచితే ఏడు. చారన్నంతో ఈ లెక్క ఎప్పటికీ చేరదు. శాకాహారులైతే పొద్దున పెసరట్టు, మధ్యాహ్నం ముద్దపప్పు, పెరుగు, సాయంత్రం ఉడికించిన శనగలు, రాత్రి పనీరు గానీ పప్పు గానీ, పడుకునే ముందు పాలు, ఇలా ప్రతి పూటా కొంత ఉండాలి. అంతా ఒకే పూట పెడితే తినలేరు.

కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళకు ఈ లెక్క వర్తించదు, వాళ్ళ డాక్టరు చెప్పినంతే పెట్టాలి. షుగర్ ఉంటే ప్రోటీన్ పౌడర్ డబ్బా మీద చక్కెర ఎంతుందో చదవండి.

తినట్లేదని కోప్పడే ముందు నోరు తెరిచి చూడండి. బరువు తగ్గాక కట్టుడు పళ్ళు వదులై గుచ్చుకుంటాయి. మలబద్ధకం ఉన్నా ఆకలి చచ్చిపోతుంది.

నువ్వుల నూనెతో మర్దన చేస్తే బలం వస్తుందా?

హాయిగా ఉంటుంది, పొడిబారిన చర్మానికి మంచిది, మనిషి స్పర్శ వల్ల దిగులూ తగ్గుతుంది. బలం మాత్రం వాళ్ళ కండ వాళ్ళు కదిలిస్తేనే వస్తుంది. కొత్తగా విరిగిన చోట, కుట్ల మీద, వాచిన కాలికి వద్దు. అరికాళ్ళకు నూనె రాస్తే తుడిచేదాకా నేల మీద అడుగు పెట్టనివ్వకండి.

బాత్రూమ్‌లో ఏం మార్చాలి?

కమోడ్ పక్కన, స్నానం చేసే చోట గోడకు స్టీలు పిడులు బిగించండి. తువ్వాలు వేసే రాడ్డు మనిషి బరువు ఆపదు. ఇండియన్ టాయిలెట్ అయితే దాని మీద పెట్టే కుర్చీ దొరుకుతుంది. స్నానం కుర్చీలో కూర్చునే. గది నుంచి బాత్రూమ్ దాకా రాత్రి వెలిగే చిన్న లైటు, గుమ్మాల దగ్గర కాళ్ళు తుడుచుకునే పట్టాలు తీసేయడం, తడి నేల వెంటనే తుడవడం. తలుపు లోపలి గడియ పెట్టుకోవద్దని చెప్పండి, ఒప్పుకోరు, అయినా చెప్పండి.

లేవమంటే ఏడుస్తున్నారు, తిడుతున్నారు. ఏం చేయాలి?

పడిపోతానన్న భయం నిజమైనది, తేలిగ్గా తీసేయకండి. "ఈరోజు హాల్లోకి నడవాలి" అనే బదులు "లేచి నిలబడి పది లెక్కపెట్టి కూర్చుందాం నాన్నా" అనండి. చేయించే ముందే ఎంతసేపో చెప్పి, ఆ మాట మీదే నిలబడాలి. ఇంకొక్కసారి, ఇంకొక్కసారి అంటూ పెంచితే రేపటి నుంచి నమ్మరు. నొప్పి మాత్ర రాసి ఉంటే వ్యాయామానికి అరగంట, ముప్పావు గంట ముందు ఇవ్వొచ్చేమో డాక్టరును అడగండి.

రెండు వారాలకు పైగా దేని మీదా ఆసక్తి లేకుండా, నేను పోతే బాగుండు అంటుంటే అది డిప్రెషన్ కావచ్చు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కి ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడొచ్చు.

ఎన్నాళ్ళు పడుతుంది?

పడుకున్న రోజుల కన్నా ఎక్కువే. తుంటి విరిగినవాళ్ళలో మెరుగుదల ఎక్కువగా మొదటి ఆరు నెలల్లో కనబడుతుంది, ఏడాది దాకా కొనసాగుతుంది. పాత నడకకు పూర్తిగా చేరేది మాత్రం సుమారు సగం మందే. మిగిలినవాళ్ళకు కర్ర ఉండిపోవచ్చు. కర్రతో తన బాత్రూమ్‌కు తాను వెళ్ళగలిగితే నా దృష్టిలో అది మంచి ఫలితమే.

వాకర్, వీల్‌చైర్ కొనే స్తోమత లేదు.

దారిద్ర్యరేఖకు దిగువన ఉన్న, లేదా నెలకు 15,000 రూపాయల లోపు ఆదాయం ఉన్న వృద్ధులకు కేంద్రం రాష్ట్రీయ వయోశ్రీ యోజన కింద కర్రలు, వాకర్లు, వీల్‌చైర్లు ఉచితంగా ఇస్తుంది. 2017 ఏప్రిల్ 1న ఈ పథకం మొదలైంది మన నెల్లూరులోనే. మీ జిల్లాలో శిబిరం ఎప్పుడో కలెక్టరేట్‌లోని వృద్ధుల సంక్షేమ శాఖలో అడగండి. వృద్ధుల హెల్ప్‌లైన్ 14567 కూడా ఉంది. కొన్నాళ్ళకే అయితే అద్దెకిచ్చే షాపులు ఊళ్ళల్లో దొరుకుతున్నాయి.

మేం అమెరికాలో ఉన్నాం. అమ్మ దగ్గర కేర్‌టేకర్ ఉంది. దూరం నుంచి ఏం చూసుకోగలం?

కేర్‌టేకర్‌కు మీరు ఏం చెప్పి పెట్టారో ఒకసారి గుర్తు చేసుకోండి. "అమ్మను కదలనివ్వకు, అన్నీ నువ్వే చెయ్యి" అని చెప్పి ఉంటే ఆమె నమ్మకంగా అదే చేస్తుంది: తినిపిస్తుంది, డైపర్ వేస్తుంది, జుట్టు దువ్వుతుంది. ఆ మాట మార్చండి. అమ్మ తన చేత్తో తినాలి, తనే దువ్వుకోవాలి, మూత్రం వస్తోందని తెలిసే స్థితిలో ఉంటే పగలు డైపర్ తీసేసి కమోడ్ కుర్చీ మీదికి లేవాలి. పని ఆలస్యమైనా ఫర్వాలేదని ఆమెకు చెప్పండి, లేకపోతే మీకు భయపడి తనే చేసేస్తుంది.

వీడియో కాల్‌లో "ఎలా ఉన్నావమ్మా" అంటే "బానే ఉన్నాను" అంటారు. దాని బదులు ఫోన్‌ను కుర్చీ ఎదురుగా పెట్టించి, కేర్‌టేకర్‌ను పక్కన నిలబెట్టి, ఐదుసార్లు లేచి కూర్చోమనండి. టైము మీరు చూసి రాసుకోండి. పోయిన వారం కన్నా ఎక్కువ సెకన్లు పట్టిందంటే ఆ వారం ఏం తిన్నారు, ఎన్నిసార్లు లేచారు అని అప్పుడు అడగండి.